ఎదురుకాల్పుల కాగితాలు: కొలంబియాలో 6,402 హత్యల లెక్క ఎలా తేలింది

అందరికీ నమస్కారం. కొలంబియా స్పానిష్‌లో 'ఫాల్సోస్ పొసితీవోస్' అని ఒక మాట ఉంది. అక్కడి సైన్యం వాడుకలో 'పాజిటివ్' అంటే పోరులో వచ్చిన ఫలితం. ఇంకా సూటిగా చెప్పాలంటే శత్రువు శవం. ఆ ఫలితం దొంగదైతే 'ఫాల్సో'. తెలుగువాళ్లకు ఇంత వివరణ అక్కర్లేదు, బూటకపు ఎన్‌కౌంటర్ అంటే చాలు. 'ఎదురుకాల్పుల్లో ఒకరి మృతి, పిస్తోలు స్వాధీనం' అనే వార్త చదవని తెలుగు పాఠకుడు ఉండడు.

ఈ రోజు నేను ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాను. అలాంటి వార్త అబద్ధమని, ఒకటీ రెండూ కాదు, వేల సంఖ్యలో, ఇంకా తుపాకులు మోగుతున్న దేశంలోనే ఎలా రుజువైంది? సాక్షుల ధైర్యం వల్ల, తల్లుల పోరాటం వల్ల అంటారు. నిజమే, వాళ్లు లేకపోతే ఏదీ కదలదు. కానీ కేసు నిలబడింది మాత్రం చంపినవాళ్లు స్వయంగా రాసిపెట్టుకున్న కాగితాల మీద. దాని గురించే ఎక్కువ చెబుతాను.

ముందు రంగం. ఫార్క్ అనే వామపక్ష సాయుధ సంస్థ గెరిల్లాలతో ప్రభుత్వ యుద్ధం 1964 నాటిది. 2002లో అల్వారో ఉరిబె అధ్యక్షుడయ్యాక సైన్యం బలం పెరిగింది, దాంతోపాటు ఫలితాలు చూపించాలనే ఒత్తిడీ పెరిగింది. ఏ బెటాలియన్ ఎన్ని శవాలు చూపించిందన్నదే కొలమానం. పట్టుకొస్తే అంత పేరు రాదు, లొంగిపోతే అసలే రాదు. 2005 నవంబరులో రక్షణ శాఖ 29వ నంబరు ఉత్తర్వు రహస్యంగా ఇచ్చింది. గెరిల్లా నాయకుణ్ణి పట్టుకున్నా, చంపినా సమాచారం ఇచ్చినవాళ్లకు ఎంత ఇవ్వాలో అందులో మెట్లు మెట్లుగా రాసి ఉంది. అట్టడుగు మెట్టు, అంటే పేరులేని మామూలు గెరిల్లా, 38,15,000 పెసోలు. ఆ ఏటి కనీస నెల వేతనానికి సరిగ్గా పదిరెట్లు. కాగితం ప్రకారం అది ఇన్‌ఫార్మర్లకు ఇచ్చే డబ్బు. సైనికులకు దక్కేవి వేరు: సెలవులు, పతకాలు, మంచిమాట రాసిన సర్వీసు రికార్డు, పదోన్నతి. సెలవు కోసం మనిషిని చంపుతారా అని అడగవచ్చు. చంపామని వాళ్లే కోర్టులో ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఒక బూటకపు పోరు ఎలా తయారవుతుందో చూద్దాం. మనిషి కావాలి. వాడి కోసం అడిగేవాళ్లు లేకపోతే మేలు: పనిలేని కుర్రాడు, వీధిలో పడుకునేవాడు, మేధో వైకల్యం ఉన్నవాడు. పని ఇప్పిస్తామని చెప్పి తీసుకొచ్చే దళారులు ఉండేవాళ్లు, తలకు ఇంత అని తీసుకునేవాళ్లు. తర్వాత ఆయుధం కావాలి. రహస్య ఖర్చుల నిధి నుంచి, లేని ఇన్‌ఫార్మర్ పేరు మీద రసీదు రాసి, ఆ డబ్బుతోనే పాత పిస్తోలో గ్రెనేడో కొనేవాళ్లు. ఒక యూనిఫాం, ఒక జత రబ్బరు బూట్లు. ఇక కాగితాలు: ఫలానా చోట గెరిల్లాలు తిరుగుతున్నారని నిఘా నివేదిక, దాని ఆధారంగా ఆపరేషన్ ఆర్డరు, పోరు జరిగిందని గస్తీ నివేదిక, ఖర్చయిన తూటాల పద్దు, ఇన్‌ఫార్మర్ చెల్లింపు చీటీ. చంపడం కొన్ని క్షణాల పని. మిగతాదంతా ఆఫీసు పని, అందుకే ఇందులో సార్జెంటు ఒక్కడే ఉండడు. గుమస్తా ఉంటాడు, నిఘా అధికారి ఉంటాడు, ఆపరేషన్స్ అధికారి ఉంటాడు, సంతకం పెట్టిన కల్నల్ ఉంటాడు.

అబద్ధం కాగితాల మీద పేరుకుంటే చిక్కు ఏమిటంటే, ఆ కాగితాలన్నీ ఒకే చేతిలో ఉండవు. ఆపరేషన్ ఆర్డరు బెటాలియన్‌లో ఉంటుంది. శవపరీక్ష నివేదిక ఫోరెన్సిక్ సంస్థ దగ్గర ఉంటుంది. మిస్సింగ్ ఫిర్యాదు ఎక్కడో వందల కిలోమీటర్ల దూరంలో, వేరే ఊళ్లో, వేరే రిజిస్టరులో ఉంటుంది. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివేదాకా ఏదీ అనుమానంగా కనిపించదు. పక్కపక్కన పెడితే ఏమేం దొరుకుతాయో కొన్ని చెబుతాను. శ్రద్ధగా వినండి, కొలంబియాలోనే కాదు, ఎక్కడైనా పనికొచ్చేవి ఇవి.

మొదటిది బట్టలు. చొక్కా మీద తూటా రంధ్రం ఉండాలి, శరీరం మీద గాయం ఉన్న చోటే ఉండాలి. గాయం ఉంది, యూనిఫాంకు చిల్లు లేదు అంటే చంపాక తొడిగారు. అందుకే బట్టలు విప్పి పారేయకూడదు, ఉతకకూడదు, ఆరబెట్టి కాగితపు సంచిలో భద్రపరచాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే తేమకు బూజు పట్టి నెత్తుటి మరకలు పాడైపోతాయి. చాలా కేసుల్లో తొలి రోజే బట్టలు పోయాయి, దాంతో ఈ దారి మూసుకుపోయింది.

రెండోది బూట్లు. ఎడమది కుడికాలికి, కుడిది ఎడమకాలికి వేసిన శవాలు దొరికాయి. కొలత సరిపోనివి దొరికాయి. అడవిలో రోజుల తరబడి నడిచాడన్న మనిషి బూటు అడుగు అరగకుండా ఉంటే అదీ సాక్ష్యమే. ఫొటో తీసేటప్పుడు ముఖం మాత్రమే తీస్తే ఇవేవీ మిగలవు. అరికాలు, అరచేయి, బూటు అడుగు, పక్కన కొలబద్ద పెట్టి తీయాలి.

మూడోది చేయి. బాగా తెలిసిన కేసు ఒకటుంది. మేధో వైకల్యం ఉన్న 26 ఏళ్ల యువకుడు. శవం కుడిచేతిలో పిస్తోలు. అతను ఎడమచేతి వాటం మనిషి. ఈ సంగతి ఏ ఫోరెన్సిక్ నిపుణుడికీ తెలియదు, తల్లికి తెలుసు. కుటుంబం వాంగ్మూలం తీసుకునేటప్పుడు 'మీ అబ్బాయికి శత్రువులున్నారా' అని అడగడం కన్నా 'ఏ చేత్తో అన్నం తినేవాడు, కళ్లద్దాలున్నాయా, కాలు కుంటేవాడా, ఎముక ఎప్పుడైనా విరిగిందా' అని అడగడం ఎక్కువ ఉపయోగం.

నాలుగోది దూరం. పిస్తోలు దగ్గరి నుంచి, అంటే సుమారు మీటరు లోపు నుంచి కాలిస్తే కాలని మందు రేణువులు చర్మంలో గుచ్చుకుని చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. యాభై మీటర్ల అవతలి గెరిల్లాతో పోరు జరిగిందని నివేదిక రాసి, శవం మెడ మీద ఆ చుక్కలుంటే రెండూ పొసగవు. తూటా పైనుంచి కిందికి దిగిందా అన్నదీ చూడాలి. మోకాళ్ల మీద ఉన్న మనిషిని నిలబడి కాల్చినప్పుడు దారి అలా ఉంటుంది. ఒక్క గాయంతో తీర్పు చెప్పకూడదు సుమా. మధ్యలో బట్ట ఉంటే చుక్కలు చర్మం మీద పడవు. అందుకే మళ్లీ బట్టల దగ్గరికే రావాలి.

ఐదోది తూటాల పద్దు. గంటసేపు పోరు జరిగిందంటారు, పద్దులో పది పన్నెండు తూటాలు. లేదా వందలు ఖర్చు రాశారు, ఘటనాస్థలంలో ఖాళీ తూటా గుల్లలు లేవు, చెట్లకు గుర్తులు లేవు, గస్తీలో ఒక్కరికీ గీత పడలేదు. శవం పక్కన దొరికిన పిస్తోలు పరీక్షిస్తే అది పేలే స్థితిలోనే లేదు.

ఆరోది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది, తేదీలు. చంపిన తర్వాత రాసిన ఆపరేషన్ ఆర్డరుకు వెనకటి తేదీ వేస్తారు. కానీ ఆ రోజు రేడియోలో గస్తీ ఎక్కడుందో నమోదైన పుస్తకం వేరేచోట ఉంటుంది. వాహనం లాగ్‌బుక్, పెట్రోలు చీటీ, సెలవు రిజిస్టరు, ఇవన్నీ విడివిడిగా ఉంటాయి. అబద్ధం చెప్పేవాడు పెద్ద కాగితాన్ని సరిచేస్తాడు, పెట్రోలు చీటీ గుర్తుకు రాదు.

ఇన్ని ఉన్నా ఏళ్ల తరబడి ఎందుకు బయటపడలేదు? రెండు కారణాలు. ఒకటి, మొదటి పంచనామా. సైనికులే శవాన్ని చోటు మార్చి, హెలికాప్టరులోనో ట్రక్కులోనో పట్టణానికి తెచ్చి దించితే, ఘటనాస్థలమనేదే ఉండదు. ప్రాసిక్యూషన్ పోలీసుకు 'అక్కడికి వెళ్లడం ప్రమాదం' అని చెబితే సరిపోయేది. రెండోది, కేసు సైనిక కోర్టుకు వెళ్లడం. ఒకే బ్రిగేడ్ వ్యవస్థలో పనిచేసే న్యాయాధికారి 'పోరులో మరణం' అని ఫైలు మూసేవాడు. మానవహక్కుల ఉల్లంఘన సైనిక న్యాయస్థానం పరిధిలోకి రాదని కొలంబియా రాజ్యాంగ న్యాయస్థానం ఎప్పుడో చెప్పింది. చెప్పడం వేరు, ఫైలు చేతులు మారడం వేరు.

2008లో సోవాచా విషయం పేలింది. రాజధాని బొగోతాను ఆనుకుని ఉన్న పేదల పట్టణం అది. అక్కడ ఆ ఏడాది మాయమైన కుర్రాళ్లు వందల కిలోమీటర్ల అవతల, వెనెజువెలా సరిహద్దు జిల్లా నార్తె దె సాంతందేర్‌లోని ఓకాన్యా దగ్గర, పోరులో చనిపోయిన గుర్తుతెలియని గెరిల్లాలుగా తేలారు. ఇంట్లోంచి వెళ్లిన ఒకటి రెండు రోజుల్లోనే చనిపోయినవాళ్లున్నారు. రెండు రోజుల్లో గెరిల్లా ఎలా అవుతాడు? ఇక్కడ మొత్తం పని చేసింది రెండు తేదీలు: మిస్సింగ్ ఫిర్యాదు తేదీ, శవపరీక్ష తేదీ. వేలిముద్రలు పౌర గుర్తింపు రికార్డుతో సరిపోవడంతో ఆ రెండు కాగితాలు ఒకచోటికి వచ్చాయి. అక్టోబరులో 27 మంది సైనికాధికారులను, జవాన్లను తొలగించారు. నవంబరులో సైన్యాధిపతి మారియో మొంతోయా రాజీనామా చేశారు.

సోవాచా కుర్రాళ్లనే ఎందుకు అంత దూరం తీసుకెళ్లారన్నదానికి జవాబు తర్వాత దొరికింది. ఆ నార్తె దె సాంతందేర్‌లోనే ఉన్న కతతుంబో ప్రాంతంలో సైన్యం ముందు స్థానిక రైతులనే గెరిల్లా సానుభూతిపరులంటూ చంపింది. ఊళ్లవాళ్లు ఏకమై ఫిర్యాదులు చేశారు. ఒత్తిడి పెరిగేసరికి చంపడం ఆపలేదు, ఊరు మార్చారు. ఫిర్యాదు చేసే బంధువు దగ్గర్లో లేని మనుషులను బయటినుంచి తెప్పించారు. హక్కుల కార్యకర్తలు ఈ విషయం మనసులో పెట్టుకోవాలి. ఒకచోట ఫిర్యాదులు తగ్గాయంటే హత్యలు తగ్గాయని కాదు.

2009 జూన్‌లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి ఫిలిప్ ఆల్‌స్టన్ కొలంబియా వెళ్లారు. ప్రభుత్వ అధికారిక విధానంగా ఇది జరిగిందనడానికి ఆధారం కనిపించలేదన్నారు, కానీ ఎవరో కొందరు చెడ్డవాళ్ల పని అనే వాదననూ కొట్టిపారేశారు. అదే ఏడాది ఫిబ్రవరిలో మన దగ్గర ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఎన్‌కౌంటర్ మరణం ప్రతిదానికీ ఎఫ్ఐఆర్ కట్టాలనీ, ఆత్మరక్షణ అన్నది విచారణలో తేలాల్సిన విషయమనీ చెప్పింది. దాని అమలు సుప్రీంకోర్టు స్టేతో ఆగింది. 2014లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒకటి తరచూ మరిచిపోతాం: ఎన్‌కౌంటర్ జరిగిన వెంటనే అందులో పాల్గొన్నవాళ్లకు వరుస దాటించి పదోన్నతులు, శౌర్య పతకాలు ఇవ్వకూడదు. కొలంబియా పద్దులు చూసినవాళ్లకు ఆ ఒక్క వాక్యం విలువ అర్థమవుతుంది.

ఇక లెక్క. 2016 నవంబరు 24న ఫార్క్‌తో శాంతి ఒప్పందం కుదిరింది. దాని కింద ఏర్పడిన శాంతి ప్రత్యేక న్యాయస్థానం 2018లో పని మొదలుపెట్టింది. అక్కడ పొట్టిగా 'హెప్' అంటారు, నేనూ అలాగే అంటాను. ప్రాసిక్యూషన్ శాఖ అప్పటికి ఇచ్చిన సంఖ్య 2,248. అది 1988 నుంచి 2014 దాకా. 2021 ఫిబ్రవరిలో హెప్ 6,402 అని ప్రకటించింది, అదీ 2002 నుంచి 2008 వరకే. రెట్టింపుకు మించి ఎలా పెరిగింది? వేర్వేరు జాబితాలు కలిపారు: ప్రాసిక్యూషన్ శాఖవి, జాతీయ చారిత్రక స్మృతి కేంద్రానిది, హక్కుల సంఘాల కూటమిది. కలపడమంటే కూడటం కాదు. ఒకే మనిషి ఒక జాబితాలో రెండు ఇంటిపేర్లతో, ఇంకోదాంట్లో ఒక్క ఇంటిపేరుతో, మూడోదాంట్లో పేరులేని శవంగా ఉండవచ్చు. తేదీ, ఊరు, యూనిట్, వయసు సరిపోల్చి నకళ్లు తీసేయాలి. చేయకపోతే సంఖ్య ఉబ్బుతుంది, ప్రత్యర్థి ఒక్క నకలు చూపించి మొత్తం పట్టికనే కొట్టేస్తాడు. ఇప్పటికీ ఆ సంఖ్యను ఒప్పుకోని రాజకీయ నాయకులు ఉన్నారు. హెప్ కూడా దాన్ని తాత్కాలికమనే చెప్పింది.

అన్ని హత్యలూ ఒక్కొక్కటిగా విచారిస్తే శతాబ్దం పడుతుంది. అందుకని ఎక్కువ హత్యలున్న ఆరు ప్రాంతాలు ఎంచుకున్నారు: ఆంతియోకియా, కరీబియన్ తీరం, నార్తె దె సాంతందేర్, ఉయిలా, కసనారె, మెతా. ఏ బ్రిగేడ్, ఏ బెటాలియన్, ఏ కమాండరు కాలంలో సంఖ్య లేచింది, ఎవరు బదిలీ కాగానే పడిపోయింది అని గ్రాఫు గీస్తే నేరం ఆకారం కనిపిస్తుంది. జవాన్ల స్వచ్ఛంద వాంగ్మూలాలు తీసుకుని, వాటిని పైన చెప్పిన కాగితాలతో పోల్చి, బాధిత కుటుంబాలకు చూపించి వాళ్ల అభ్యంతరాలు రాసుకుని, అప్పుడు ప్రధాన బాధ్యుల మీద అభియోగాల ఉత్తర్వు ఇస్తారు. నేరం ఒప్పుకుంటారా లేదా చెప్పడానికి 30 పనిదినాల గడువు.

శిక్ష మూడు మెట్లు. మొదట్లోనే పూర్తి నిజం చెప్పి ఒప్పుకుంటే 5 నుంచి 8 ఏళ్లు, జైలు కాదు, కదలికల మీద ఆంక్షలతో బాధితుల కోసం పని. ఆలస్యంగా, తీర్పుకు ముందు ఒప్పుకుంటే అదే 5 నుంచి 8 ఏళ్లు, కానీ జైల్లో. ఒప్పుకోకుండా విచారణలో దోషిగా తేలితే 15 నుంచి 20 ఏళ్ల జైలు. మామూలు కోర్టుల్లో నలభై, యాభై ఏళ్లు పడినవాళ్లు ఇందుకే ఇటు వచ్చి నోరు విప్పారు. ఇది న్యాయమేనా అని అక్కడి తల్లుల్లోనే ఏకాభిప్రాయం లేదు. నా మటుకు నాకు, జవాను చెప్పిన సమాధి జాడకు ఆ ధర ఎక్కువేమీ కాదనిపిస్తుంది. కానీ ఆ మాట నేను అనడం తేలిక.

2022 ఏప్రిల్‌లో ఓకాన్యాలో పదిమంది మాజీ సైనికులు, ఒక పౌరుడు కుటుంబాల ఎదుట కూర్చుని ఒప్పుకున్నారు. అంతకుముందు వాళ్ల మీద మోపింది 120 హత్యలు. తొలి శిక్షలు మాత్రం 2025 సెప్టెంబరులో గానీ రాలేదు. ఒక తీర్పు కిడ్నాపుల కేసులో ఏడుగురు ఫార్క్ మాజీ అగ్రనేతలకు, 8 ఏళ్లు. ఇంకోటి వయ్యెదుపార్‌లోని లా పోపా బెటాలియన్‌కు చెందిన 12 మంది మాజీ సైనికులకు, 135 హత్యలకు. చనిపోయినవాళ్లలో కంకువామో, వివా ఆదివాసీలు ఉన్నారు. హత్యకూ తీర్పుకూ మధ్య ఇరవై ఏళ్లు దాటాయి.

మెట్లు ఎక్కేకొద్దీ ఈ యంత్రం బలహీనపడుతుంది. మాజీ అధ్యక్షులు దాని పరిధిలో లేరు. మంత్రులూ, ఇతర పౌర అధికారులూ ఇష్టపడితేనే రావాలని 2017లో రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. కమాండరు బాధ్యతకు అక్కడి చట్టం రాసుకున్న నిర్వచనం అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును ఏర్పరచిన రోమ్ శాసనంలోని 28వ అధికరణం కన్నా ఇరుకు. తెలిసి ఉండాల్సింది అన్నదానికన్నా, ఆ ప్రవర్తన మీద నిజంగా అదుపు ఉందా అన్నది రుజువు చేయమంటుంది. జనరల్ మొంతోయా మీద హెప్ అభియోగం 2023 ఆగస్టులో గానీ మోపలేదు, అదీ తూర్పు ఆంతియోకియాలోని 130 హత్యలకు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు పట్టుకుంటుందా అంటే, 2002లో చేరేటప్పుడే కొలంబియా ఒక మినహాయింపు తీసుకుంది: యుద్ధ నేరాల మీద ఆ కోర్టు అధికారం 2009 నవంబరు 1 నుంచే. 2002 నుంచి 2008 అన్న తేదీలు మళ్లీ గుర్తు చేసుకోండి. మానవాళి వ్యతిరేక నేరాలన్న దారి ఒక్కటే మిగిలింది. కొలంబియా మీద ఆ కోర్టు ప్రాసిక్యూటర్ 2004లో మొదలుపెట్టిన ప్రాథమిక పరిశీలనను 2021 అక్టోబరులో మూసేశారు, దేశీయ న్యాయస్థానం పనిచేస్తోందన్న కారణంతో.

మధ్యలో ఒకరు చీటీ పంపారు, 'శవం దొరకని కేసుల్లో ఏం చేస్తారు' అని. శ్మశానం నుంచి మొదలుపెడతారు. 2019 డిసెంబరులో ఆంతియోకియాలోని దబెయిబా పట్టణ శ్మశానాన్ని తవ్వారు. సైనికులే వాంగ్మూలంలో చోటు చూపించారు. ఇక్కడ ఎదురయ్యే ప్రమాదం దోషి దాచడం కాదు, శ్మశానం మామూలుగా నడవడం. చాలాచోట్ల పేరులేని గుంటను కొన్నేళ్లకు ఖాళీ చేసి, ఎముకలు ఉమ్మడి గోతిలోకి వేసి, చోటు మరొకరికి ఇస్తారు. అప్పుడు ఒకరి తొడ ఎముక ఇంకొకరి పుర్రెతో కలిసిపోతుంది. ప్రతి ఎముకకూ విడిగా డీఎన్ఏ తీయాల్సి వస్తుంది, ఖర్చు, కాలం ఎన్నోరెట్లవుతాయి. అందుకే తవ్వడానికి ముందే కదలించరాదని కోర్టు ఉత్తర్వు తెచ్చుకుంటారు. ఆ వెంటనే అడిగేది ఖననాల రిజిస్టరు: ఏ తేదీన, ఎవరు తెచ్చారు, ఏ వరుస, ఎన్నో గుంట. రిజిస్టరు కాలిపోయిందనో చెదలు తిన్నదనో చెబితే కాటికాపరిని అడుగుతారు. అలాంటి చోట్ల కాటికాపరి జ్ఞాపకమే రిజిస్టరు.

రక్తసంబంధీకుల నమూనాలు ఆలస్యం చేయకూడదు. తల్లిదండ్రులిద్దరివీ ఉంటే పోలిక గట్టిగా వస్తుంది. మేనమామ కొడుకుల దాకా వెళితే బలహీనపడుతుంది. తల్లులు ముసలివాళ్లవుతున్నారు, కొందరు పోయారు కూడా. మెదెయిన్ నగరం పడమటి కొండ మీద లా ఎస్కొంబ్రెరా అని కూలగొట్టిన ఇళ్ల రాళ్లు పోసే దిబ్బ ఉంది. 2002 అక్టోబరులో ఆ దిబ్బను ఆనుకుని ఉన్న పేటలో సైన్యం చేసిన దాడి తర్వాత మాయమైనవాళ్లను పారామిలిటరీలు, అంటే గెరిల్లాలకు వ్యతిరేకంగా పనిచేసిన ప్రైవేటు సాయుధ ముఠాలు, అక్కడ పాతారని తల్లులు చెబుతూ వచ్చారు. 2015లో తవ్వితే ఏమీ దొరకలేదు, వాళ్లను పిచ్చివాళ్లన్నారు. ట్రక్కులు మాత్రం అప్పటిదాకా ఏళ్ల తరబడి రాళ్లు పోస్తూనే ఉన్నాయి, పాతిన మట్టి మట్టం మీటర్ల కొద్దీ కిందికి పోయింది. కాబట్టి ఎక్కడ తవ్వాలన్నదే కాదు, ఏ ఏడాది నేలమట్టం ఎంత లోతులో ఉందన్నది తేల్చుకోవాలి, దానికి పాత విమాన చిత్రాలు, కొండ వాలు కొలతలు కావాలి. 2024లో మళ్లీ మొదలుపెట్టారు. డిసెంబరు 18న మొదటి ఎముకలు దొరికాయి.